హక్కుల సంఘం జిల్లా శాఖ కార్యదర్శి నివేదిక (2024 ఏప్రిల్ – 2025 మార్చి)

అధ్యక్షులకు, సభ్య మిత్రులకు నమస్కారం.

ఢిల్లీ యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా 2024 అక్టోబర్ 12న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు. మావోయిస్టులతో సంబంధాలున్నాయని 2014లో అరెస్టు చేసిన కేసులో ఆయన నిర్దోషి అని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి తీర్పు చెప్పి అప్పటికి ఏడు నెలలే. భౌతికకాయాన్ని గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. మన శాఖ నుంచి నలుగురం వెళ్లాం. బస్సు చార్జీలు ఎవరివి వారే పెట్టుకున్నారు కాబట్టి అవి లెక్కల్లో కనపడవు.

జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాయి. ముందస్తు అరెస్టుకు వాడే పాత సీఆర్‌పీసీ 151వ సెక్షన్ ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 170 అయింది. అరెస్టు చేయకుండా హాజరు కమ్మని ఇచ్చే 41ఎ నోటీసు 35(3) అయింది. నంబర్లు మారాయి గానీ ఎవరైనా ‘ఛలో’ పిలుపు ఇస్తే ముందురోజు రాత్రే తలుపు తట్టడం మారలేదు. నవంబర్‌లో మా ఇంటి అరుగు మీద ఇద్దరు కానిస్టేబుళ్లు పొద్దుటి నుంచి కూర్చున్నారు. ఏ సెక్షనయ్యా అంటే ‘పైనుంచి చెప్పారు సార్’ అన్నారు. రాసివ్వమంటే నవ్వారు. మధ్యాహ్నం ఒకతను ఫోన్ చార్జర్ అడిగితే మా ఆవిడ ఇచ్చింది. సాయంత్రం ఆరింటికి ‘ఇక మీ ఇష్టం సార్’ అని వెళ్లిపోయారు. పోలీసులు తమంతట తాము ఇంట్లో నిర్బంధించడానికి ఏ చట్టంలోనూ సెక్షన్ లేదు. అందుకే కాగితం ఇవ్వరు.

ఈ ఏడాది మనం చేసిన పనల్లా ఆ కాగితం అడగడం నేర్పించడమే. ఆగస్టులో పెట్టిన చట్ట తరగతికి అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు 64 మంది వచ్చారు. మన న్యాయవాది మిత్రుడు అరెస్టు చేసేటప్పుడు పోలీసులు ఏమేం పాటించాలో సుప్రీంకోర్టు చెప్పిన 1996 నాటి డి.కె. బసు తీర్పు చెప్పి ఊరుకోలేదు. ఖాళీ అరెస్టు మెమోలు జిరాక్స్ తీయించి అందరిచేతా నింపించాడు: తేదీ, టైము, సాక్షి సంతకం, ఇంట్లో ఎవరికి చెప్పారు. వెనక వరసలో ఒకామె ‘మేం నింపాం సరే సార్, వాళ్లు నింపకపోతే?’ అంది. అందరూ నవ్వారు.

డిసెంబర్‌లో ఆమెతో సహా 23 మందిని ధర్నాకు వెళ్తుంటే దారిలోనే దించి, ముందు స్టేషన్‌కు, అక్కడినుంచి ఒక ఫంక్షన్ హాలుకు తీసుకుపోయారు. ఫోన్లు లాక్కున్నారు. ఆడ కానిస్టేబుళ్లు ఇద్దరే ఉన్నారు. మగ కానిస్టేబుల్ ఒకతను చెయ్యి పట్టి లాగితే ఒకామె గాజులు పగిలి మణికట్టు కోసుకుంది. పులిహోర పొట్లాలు పంచుతుంటే మన వెనక వరసామె లేచి, తినేముందు మెమో కావాలంది. మిగతావాళ్లూ పొట్లాలు పక్కన పెట్టారు. మెమో రాస్తే టైము వేయాలి, టైము వేస్తే లెక్క చెప్పాలి. నాలుగున్నరకు ఫోన్లు తిరిగిచ్చి అందర్నీ పంపేశారు. శాఖ పెట్టి ఇన్నేళ్లలో నాకు ఇంత సంతోషం కలిగిన రోజు లేదని చెప్పడానికి మొహమాటపడను.

గాయం మీద ఫిర్యాదు ఇచ్చాం, రసీదు వచ్చింది, అంతే. స్టేషన్ సీసీ ఫుటేజీ కోసం సమాచార హక్కు కింద అడిగితే కెమెరా రిపేరులో ఉందన్నారు. ప్రతి స్టేషన్‌లో కెమెరాలు పనిచేయాలని సుప్రీంకోర్టు చెప్పింది 2020 డిసెంబర్‌లో. అప్పీలు వేశాం.

ఫీజు తీసుకోకుండా నిలబడ్డ న్యాయవాదులకు, అప్పు రాసుకుని మళ్లీ అడగని జిరాక్స్ షాపాయనకు, హాలు ఇచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు, తరగతి రోజున 64 మందికీ టీ పోసిన హోటలాయనకు ధన్యవాదాలు. కరపత్రంలో అచ్చుతప్పులు దిద్దిన కోశాధికారికీ.

లెక్కలు: వచ్చింది రూ. 41,300, ఖర్చు రూ. 38,850, చేతిలో రూ. 2,450. వోచర్లు కోశాధికారి దగ్గరున్నాయి.

ఒక మాట చెప్పక తప్పదు. సభ్యత్వ పుస్తకంలో 118 పేర్లున్నాయి. నిజనిర్ధారణకు వెళ్లిన ఐదుసార్లూ అదే నలుగురం. రాత్రి ఫోన్ డ్యూటీకి సెప్టెంబర్‌లో చేతులెత్తినవాళ్లు పదకొండు మంది. డిసెంబర్‌లో ఒక రాత్రి అవసరం పడితే ఫోనెత్తింది ఇద్దరు, అందులో ఒకరు ఊళ్లో లేరు. వాట్సాప్‌లో ఖండించడానికి మాత్రం కొదవ లేదు. డ్యూటీ చార్టు కొత్తగా రాసి గుమ్మం పక్క బల్ల మీద పెట్టాను. భోజనానికి లేచేముందు పేరు, నంబరు, ఏ వారమో రాయండి. సైలెంట్‌లో పెట్టుకునే నంబరు వద్దు.

– కార్యదర్శి