ఘాటీ ఎక్కే లారీకి కరెంటు ఫ్యానా?

సంపాదకులకు,

డీజిలు మిగులుతుందని, రేడియేటర్‌ను చల్లబరిచే ఇంజను ఫ్యాను పీకించి కరెంటు ఫ్యాను బిగించాలనుకునే లారీ యజమానులు ముందు ఒక లెక్క చూసుకోవాలి. 24 వోల్టుల ఫ్యాను 20 ఆంపియర్లు లాగితే వచ్చేది 480 వాట్లే. పెద్ద బండిలో ఇంజను ఫ్యాను నిండుగా తిరిగితే పది కిలోవాట్లు దాటి తింటుంది. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్‌కు లోడుతో చిన్న గేర్లలో ఎక్కేటప్పుడు ఎదురుగాలి ఉండదు, వేడి మాత్రం పూర్తిగా ఉంటుంది. అలాంటి బండికి ఫ్యాను క్లచ్చి (వేడిని బట్టి ఇంజను ఫ్యానును కలిపి, విడదీసే భాగం) బాగుచేయించుకోవడమే మేలు.

12 వోల్టుల చిన్న పికప్‌కైతే పెట్టుకోవచ్చు. బ్యాటరీ మైనస్ తీశాకే పని మొదలుపెట్టాలి. నీళ్ల పంపు నడిపే బెల్టు మాత్రం తియ్యకూడదు. ఫ్యాను రేడియేటర్‌కి ఇంజను వైపున, షరౌడ్‌తో (గాలి పక్కలకు పోకుండా ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు) సహా, ఇనుప పట్టీల మీద కూర్చోవాలి. ప్లాస్టిక్ ట్యాగులు రేడియేటర్ జాలిలోంచి దూర్చి కడితే అదురుకు ఒరుసుకుని ట్యూబు కారుతుంది. 20 ఆంపియర్ల ఫ్యానుకు 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చు), 6 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీ పక్కనే 30 ఆంపియర్ల ఫ్యూజు. ఇంజను నీళ్లను రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ 82 డిగ్రీలకు తెరుచుకునేదైతే 92కి వేసి 87కి ఆపే స్విచ్చు కావాలి. ఆపే వేడి 82 కన్నా తక్కువైతే ఫ్యాను ఆగనే ఆగదు. చేత్తో వేసే స్విచ్చు ఒక్కటే పెడితే మరిచిపోవడం ఖాయం.

వైర్లు తారుమారైతే ఫ్యాను వెనక్కి తిరుగుతుంది. చప్పుడు అదే, గాలి మాత్రం ఎదురు. రేడియేటర్ ముందువైపు కాగితం ముక్క పెడితే జాలికి అంటుకోవాలి, ఎగిరిపోకూడదు.

ఫ్యాను ఎన్ని ఆంపియర్లు లాగుతుందో, ఎంత గాలి తోస్తుందో అమ్మేవాళ్లు బిల్లు మీద రాసివ్వాలి.

– కొందరు లారీ మెకానిక్‌లు, కోరాపుట్ జిల్లా, ఒడిశా