అవ్వ దగ్గు

తిరుపతి,
ఆదివారం

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

ప్రాణం తీయకుండా గుంపుని నిలువరించే పద్ధతుల మీద బయటి కాలేజీలకి, కంపెనీలకి ఇచ్చిన పరిశోధనలన్నీ ఇకమీదట నువ్వే చూడాలని ఫోన్లో చెప్పావు. మీ నాన్న సంబరపడిపోయి వీధంతా చెప్పుకొచ్చారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పని నేనూ చేసినదాన్నే కదా. ఫోన్లో అయితే సగం మర్చిపోతానని రాస్తున్నా.

కొర్లగుంట ఇంట్లో కారప్పొడికి ఎండుమిరపకాయలు వేయించిన రోజు గుర్తుందా? కిటికీ తెరవడం మర్చిపోయాను. నీకు తుమ్ములు, మీ నాన్నకి దగ్గు, నాకు కళ్ల వెంట నీళ్లు. పది నిమిషాల్లో ముగ్గురం మామూలయ్యాం. ఉబ్బసం ఉన్న అవ్వ మాత్రం మంచంపట్టె గట్టిగా పట్టుకుని, మెడనరాలు ఉబ్బి, మాట రాక నావైపే చూసింది. ఆటోలో రుయా ఆసుపత్రికి పరిగెత్తాం. అదే ఇల్లు, అదే పొగ.

నీ ఫైళ్లలో కనబడే పావా అనే రసాయనం కూడా మిరపఘాటు జాతిదే. కశ్మీర్‌లో గుంపుల మీద పేల్చిన పెల్లెట్లు, అంటే చిన్న చిన్న గుళ్లు తగిలి ఎందరికో కళ్లు పోయాక, 2016లో కేంద్రం వేసిన కమిటీ వాటికి బదులుగా దీన్నే సూచించింది. పెల్లెట్లకన్నా నయమని నేనూ ఒప్పుకుంటా. కానీ పరీక్షకి వచ్చే వాలంటీర్లు పాతికేళ్ల గట్టి కుర్రాళ్లు. వీధిలో ఉండేది అవ్వ.

2002 అక్టోబరులో మాస్కో థియేటర్లో బందీలని విడిపించడానికి ఫెంటానిల్ జాతి మత్తుమందుని గాలిలో వదిలారు. ఆపరేషన్ గదిలో డాక్టరు రోగి బరువు చూసి, ఊపిరి కనిపెడుతూ చుక్కలెక్కన ఇచ్చే మందు అది. హాలు నిండా వదిలితే ఎవరికి ఎంత అందిందో ఎవరు చూస్తారు? దాదాపు 130 మంది బందీలు చనిపోయారు. అది ఏ మందో వైద్యం చేసే డాక్టర్లకి కూడా చెప్పలేదు. ఇలాంటి మందుల్ని గాలిలో వదలడం పోలీసు పనికి కూడా కుదరదని రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలోని దేశాలు 2021లో ఓటింగ్ పెట్టి తేల్చాయి. అలాంటి ప్రతిపాదన నీ టేబుల్ మీదికొస్తే ఖర్చు పేజీ కూడా తిప్పకుండా వెనక్కి పంపు.

ఇంకోటి, జనం పరిగెత్తే దారి. 2022 అక్టోబరు 1న ఇండోనేషియాలోని మలాంగ్ స్టేడియంలో పోలీసులు బాష్పవాయువు వదిలితే జనం గేట్ల మీద పడ్డారు. 135 మంది పోయారు. మన తిరుపతిలో 2025 జనవరిలో ఏ గ్యాసూ లేకుండానే, దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డవాళ్లలో ఆరుగురు తొక్కిసలాటలో పోలేదా? ల్యాబ్ రిపోర్టులో గాఢత ఉంటుంది, గేటు వెడల్పు ఉండదు. నువ్వు అడిగి రాయించు.

ఇప్పటిదాకా నీకు చెప్పని సంగతి. ఓ కాలేజీకి ఇచ్చిన ఘాటుపొగ ప్రాజెక్టు రిపోర్టు నాకు మార్చి నెలాఖరులో వచ్చింది. 31లోపు బిల్లు పాస్ చేయకపోతే డబ్బు మురిగిపోతుందని పైనుంచి ఒకటే టెన్షన్. 'దుష్ప్రభావాలు ఏమీ లేవు' అని ఉంది. సంతకం పెట్టేశాను. జూన్‌లో అసలు రిజిస్టరు తెప్పించి చూస్తే 11, 14 నంబర్ల వాలంటీర్ల ఎదురుగా 'సొంత కారణాలతో మానేశారు' అని రాసుంది. ఇద్దరూ మొదటిరోజే మానేశారు. 14 పక్కన పెన్సిల్‌తో రాసి చెరిపేసిన మాట ఒకటి కనబడింది. వెలుతురుకి పెట్టి చదివాను, 'పిల్లికూతలు'. ఊపిరాడక ఛాతీలోంచి వచ్చే ఈల చప్పుడు. మానేసినవాళ్లని లెక్కలోంచి తీసేసి, దుష్ప్రభావాలు లేవని రాశారు. దానికింద నా సంతకం ఉంది. వాళ్లని కలవాలని వెతికితే అడ్రసులు ఎవరి దగ్గరా లేవు.

అందుకే అడుగుతున్నా నాన్నా. రిపోర్టు రాగానే ముందు మానేసినవాళ్ల జాబితా తీయి. ఫోన్లో కాదు, వాళ్లింటికే వెళ్లి కూర్చుని మాట్లాడు. బిల్లు ఆగితే ఆగనీ.

ఉగాదికి కోడల్ని తీసుకుని రా. బెల్లం దంచి పెట్టాను.

మీ అమ్మ