మాతో ఫైలు కట్టించిన వదిన గారికి

ఈ పోస్టు మా వియ్యపురాలి కోసం. ఎదురుగా చెబితే "మనలో మనకెందుకండీ ఇవన్నీ" అని కొట్టిపారేస్తారు, అందుకే నలుగురిలో చెబుతున్నాను. మా ఆయనవీ నావీ కాగితాలన్నీ ఒక దారికి తెచ్చి, మేం లేనినాడు పిల్లలు వెతుక్కోకుండా మా చేత ఒక ఫైలు కట్టించింది ఆవిడే.

ఆవిడకి ఈ పట్టుదల ఊరికే రాలేదు. అన్నయ్య గారు హఠాత్తుగా పోయారు. ఇంటి లెక్కలన్నీ ఆయన తలలోనే ఉండేవి. ఆ దుఃఖంలో ఎవరో "ఇక ఈ నంబరెందుకు, బిల్లు దండగ" అంటే ఫోన్ కనెక్షన్ తీసేయించారు. ఆ తర్వాత ఈమెయిల్ తెరవబోతే కోడ్ ఆ నంబరుకే పోతుంది. ఏ బ్యాంకు నుంచి, ఏ బీమా కంపెనీ నుంచి మెసేజ్ వస్తుందో చూసి ఖాతాల ఆచూకీ పట్టుకునే వీలు కూడా పోయింది. రద్దయిన నంబరు కొన్నాళ్లకు ఇంకెవరికో ఇచ్చేస్తారు, అడిగినా తిరిగి రాదు. ఈ సంగతి రాయమని ఆవిడే అన్నారు. మా ఫైలు తెరవగానే కనిపించే మొదటి వాక్యం కూడా ఆవిడ రాయించిందే: "మా ఫోన్ నంబర్లు ఇప్పుడే రద్దు చెయ్యకండి. అన్నీ తేలేదాకా బిల్లు కడుతూ ఉండండి."

నేను ఖాతాల్లో ఎంతెంత ఉందో రాయబోతే చెయ్యి పట్టుకున్నారు. "అంకెలు రేపటికి మారిపోతాయి వదినా. ఎక్కడుందో, ఎవరిని అడగాలో రాయండి, చాలు." అలాగే రాశాం. ఏ బ్యాంకు, ఏ శాఖ, లాకరు తాళం ఎక్కడ, పాలసీ నంబరు, నామినీగా ఎవరి పేరుంది, నెలనెలా వాటంతటవే కట్టయ్యే చందాలేమిటి. చేబదుళ్ల పేజీకి వచ్చేసరికి మా ఆయన గొంతు సవరించుకున్నారు. నేనెప్పుడూ వినని పేరొకటి బయటపడింది. దాని సంగతి మేం మేం చూసుకుంటాం లెండి.

ఎక్కువ పొద్దు పట్టింది మాత్రం పేర్ల దగ్గరే. ఆయన కాగితాల్లో ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఇంకోదాంట్లో పొడి అక్షరమే ఉంది, మూడోదాంట్లో పుట్టిన తేదీయే వేరు. మనిషి బతికుండగా అయితే తనే దరఖాస్తు పెట్టుకుని సరిచేయించుకోవచ్చు. పోయాక ఆ ముగ్గురూ ఒక్కరేనని వారసులు రుజువు చూపించుకుంటూ తిరగాలి. వదిన గారు కళ్లజోడు పెట్టుకుని ప్రతి కాగితాన్నీ రెండో దాని పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిపోల్చారు. నాకైతే ఆ ఓపిక లేదు, ఉందని చెప్పుకోను కూడా.

వీలునామా ముసాయిదా చదివిపెట్టిన లాయరు గారికీ నమస్కారాలు. పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున పనులు చేసే అధికారపత్రం, ఉంటే చాలు, పిల్లలే అన్నీ చూసుకుంటారనుకునేవారు మా ఆయన. మనిషి పోయిన క్షణంతో ఆ అధికారం కూడా పోతుందని లాయరు గారు విడమరిచి చెప్పారు. ఆస్తిలో వాటా వచ్చేవాళ్ల చేత సాక్షి సంతకం పెట్టించొద్దన్నారు, చాలాచోట్ల దానివల్ల చిక్కులు వస్తాయట. అసలు ప్రతిని ఒక్కరి పేరు మీదే ఉన్న లాకర్లో దాచొద్దన్నారు. ఆ లాకరు తెరవడానికి కావలసిన కాగితం ఆ లాకర్లోనే ఉండిపోతే ఏం చేస్తారు?

ఫోన్ల పని మా మేనల్లుడిది. గూగుల్‌లో 2013 నుంచే ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒకటుందట. మనం పెట్టిన గడువు దాకా ఖాతా వాడకపోతే, మనం ఎంచుకున్నవాళ్లకి కబురు పంపి, మనం ఇమ్మన్నవి అందిస్తుంది. నా ఐఫోన్‌లో లెగసీ కాంటాక్ట్‌గా, అంటే నేను పోయాక నా ఖాతాలోవి అందుకునే మనిషిగా, అమ్మాయి పేరు పెట్టాడు. అప్పుడు వచ్చిన యాక్సెస్ కీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టాం. రేపు అమ్మాయి ఆ కీతో పాటు మరణ ధ్రువపత్రం ఇస్తే నా ఫోటోలు తనకి అందుతాయి. ఫోన్లో దాచిన పాస్‌వర్డ్‌లు మాత్రం అలా రావు. అవి వేరే కవర్లో పెట్టి అంటించాం. "అత్తా, ఈ కవరుని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టావంటే ఇక నీ ఇష్టం" అని బెదిరించి మరీ వెళ్లాడు.

ఒక పేజీ మాత్రం వదిన గారు మాకే వదిలేసి లేచి వెళ్లారు. మాట పడిపోతే మా తరఫున డాక్టర్లతో ఎవరు మాట్లాడాలి, మళ్లీ కోలుకోలేమని తేలిపోతే యంత్రాల మీద ఉంచాలా వద్దా, అవయవదానం ఇష్టమేనా. అంతసేపూ "నన్ను పంపించెయ్యడానికి ఇంత తొందరా" అని నవ్వించిన మా ఆయన, పెన్ను తీసుకుని ఆ పేజీ తనే రాసుకున్నారు. నాది ఆయనకి చూపించాను, ఆయనది నేను చదివాను. పిల్లలిద్దరికీ ఫోన్ చేసి చెప్పాం కూడా, ఆ సమయానికి ఫైలు వెతికే తీరిక ఎవరికుంటుంది?

వదిన గారూ, మీకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. ఒక్క మాట. ఫైలు ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా తెలియాలని మాకు పదేపదే చెప్పారు కదా, నిన్న మా అల్లుణ్ణి అడిగితే మీ ఫైలు ఎక్కడుందో తనకి తెలియదన్నాడు. ఈ పోస్టు చూడగానే అబ్బాయికి ఫోన్ చెయ్యండి.