వాయిదా పడిన దామెర్ల నడక: ఒక సంజాయిషీ

ఏడేళ్లుగా మాతో కలిసి రాజమహేంద్రవరం వీధుల్లో నడుస్తున్న మిత్రులకు నమస్కారం. వచ్చే ఆదివారం జరగవలసిన చిత్రకారుడు దామెర్ల రామారావు బాల్యపు ఊరి నడకను కార్తికమాసం మొదటి ఆదివారానికి వాయిదా వేశాను. కారణం వానలు కావు, గోదావరి గట్టు మీద రద్దీ కూడా కాదు. మీకు పంచడానికి వేయించిన, నడక దారి చూపే అయిదు వందల మడత పటాల్లో ఒక సంవత్సరం తారుమారైంది.

రామారావు 1897 మార్చి 8న ఈ ఊళ్లో పుట్టి, 1925 ఫిబ్రవరి 6న మశూచితో కన్నుమూశారు. పటంలో ఆ 1925 కాస్తా 1952 అయి కూర్చుంది.

నేను ప్రూఫు రెండుసార్లు దిద్ది, సంతకం పెట్టి ఇచ్చాను. ఆ తరువాత ప్రెస్సువారి కంప్యూటరులో ఫాంటు సరిపడక, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా ఆ పుట మొత్తం మళ్లీ టైపు చేయించారట. దిద్దిన ప్రూఫు తీసుకువెళ్లి వారి బల్ల మీద పరిచినప్పుడు, యజమాని దాని వంక చూడనైనా చూడకుండా, "రెండంకెలు అటూ ఇటూ అయ్యాయి, అంతేగా" అన్నారు. నా పేరుతో బయటికి వెళ్లే కాగితం గురించి ఆ "అంతేగా" వినవలసి రావడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. అడ్వాన్సు తిరిగి రాలేదు. ఇక అడగను, ఆ మెట్లూ ఎక్కను.

తప్పున్న చోట చిన్న కాగితం ముక్క అంటించి పంచేయమని మీలోనే ఒకరిద్దరు సలహా ఇచ్చారు. మూడు రాత్రులు అదే ఆలోచించాను. పెన్నుతో దిద్ది చూద్దామని ఇరవై ప్రతులు ముందు వేసుకుంటే, ఆ నున్నటి కాగితం మీద సిరా ఆరక నా బొటనవేలికి అంటుకుని, మడత పెట్టగానే పక్కనున్న హేవలాక్ వంతెన (గోదావరి మీది పాత రైలు వంతెన) బొమ్మ మీద నీలపు మరక పడింది. అప్పుడే నిశ్చయించుకున్నాను, ఒక్క ప్రతి కూడా పంచకూడదని.

ఇది చాదస్తమని కొందరు అంటున్నారు, కావచ్చు. కానీ ఈ నడక అంతా ఇరవై ఎనిమిదేళ్లు నిండని ఆ ఆయుష్షు లెక్క మీదనే సాగుతుందని మీకు తెలుసు. వంతెన పని మొదలైన ఏడాదే ఆయన పుట్టారని, 1900లో దాని మీద రైళ్లు తిరగడం మొదలైనప్పుడు మూడేళ్లవారని గట్టు మీద నిలబడి చెప్పుకుంటాం. ఆస్వాల్డ్ కూల్డ్రే దొర 1909లో ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చేనాటికి ఆయనకు పన్నెండేళ్లని, ఆ దొర ప్రోత్సాహంతోనే 1916లో బొంబాయి జె.జె. చిత్రకళా కళాశాలకు బయలుదేరారని ఆర్ట్స్ కాలేజీ ముందు చెప్పుకుంటాం. చివరికి ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో, ఆయన వేసిన "పుష్పాలంకరణ" ఎదుట నిలబడి, ఇది వేసిన చేతికి ఇంకెన్నేళ్లు మిగిలాయో లెక్క కట్టమని మిమ్మల్ని అడుగుతాను. మీ చేతిలోని కాగితం 1952 అంటుంటే, ఆ ప్రశ్న అడగడానికి నాకు నోరు రాదు.

డబ్బు కట్టినవారికి ఈ శనివారంలోగా పూర్తిగా తిరిగి పంపుతాను. కొత్త తేదీకి వస్తామన్నవారి పేర్లు అలాగే ఉంచుతాను. రుసుము పెంచడం లేదు. కొత్త పటం వేరే ప్రెస్సులో తయారవుతోంది. ఈసారి యంత్రం మీద మొదటి కాగితం వచ్చేటప్పుడు నేను పక్కనే నిలబడి ఉంటానని ముందే ఒప్పించుకున్నాను. వారికి అది నచ్చలేదు, అయినా నిలబడతాను.

పాత కట్టలు మా ఇంట్లో మంచం కింద ఉన్నాయి. పాత కాగితాల వ్యాపారికి అమ్మేయమని మా ఆవిడ అంటోంది కానీ, అవి బజ్జీల బండి మీద పొట్లాలై, 1952ను ఊరంతా తిప్పుతాయేమోనని నేనే ఒప్పుకోవడం లేదు.