టిక్కు పెడితే తెచ్చినట్టేనా?

సంపాదకుల వారికి,

ఆలుమగలు సరుకుల చీటీని ఫోన్‌లో పంచుకోవడం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. యాప్ ఒకటి వేసుకుంటే ‘నువ్వు చెప్పలేదు, నేను వినలేదు’ అనే తగువులు ఉండవని రాశారు. మూడేళ్లుగా మా సంసారం అలాంటి చీటీ మీదే నడుస్తోంది కనుక నాలుగు ముక్కలు రాయబుద్ధేసింది. తగువులు తగ్గిన మాట నిజమే. కాకపోతే మొదటి నెలలో, అంతకుముందు మా ఇంట్లో ఎన్నడూ లేని కొత్త తగువులు రెండు మూడు పుట్టాయి. మీ వ్యాసంలో వాటి ఊసే లేదు.

నేను ఆసుపత్రిలో నర్సును. మూడు షిఫ్టుల ఉద్యోగం. మా ఆయన బడిలో లెక్కలు చెబుతారు. నేను నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన చెప్పుల్లో కాళ్లు పెడుతుంటారు. వారంలో సగం రోజులు మా మాటలన్నీ గుమ్మం దగ్గర రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లో చక్కెర నిండుకుందని చెప్పడానికి మనసు రాదు.

మొదట్లో కాగితం చీటీ ఉండేది, ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద. దాని జబ్బు అందరికీ తెలిసిందే. మనం కొట్లో ఉంటే అది ఇంట్లో ఉంటుంది. తర్వాత వాట్సాప్‌లో రాసుకున్నాం. పొద్దున ఒక మెసేజ్, మధ్యాహ్నం ఇంకొకటి, ‘అన్నట్టు’ అంటూ రాత్రి మూడోది. పంపిన మెసేజ్‌ను దిద్దుకునే వీలు 2023లో వచ్చింది గానీ గడువు 15 నిమిషాలే. నాకు ఉప్పు సంగతి ఎప్పుడూ పదహారో నిమిషంలోనే గుర్తొచ్చేది. తప్పు దానిది కాదు లెండి, కబుర్ల కోసం చేసిన పనిముట్టుతో మేం పద్దు రాయబోయాం. ఆయన కొట్లో నిలబడి కరెంటు బిల్లు, చిన్నదాని జ్వరం, నా అలక అన్నీ వేలితో జరుపుకుంటూ పైకి పోతే తప్ప ఉల్లిపాయలు కనిపించేవి కావు.

అప్పుడు చీటీ యాప్ వేసుకున్నాం. ఒకరు రాస్తే ఇద్దరి ఫోన్లలోనూ పడుతుంది, టిక్కు పెడితే ఇద్దరి దగ్గరా కొట్టేసినట్టు కనిపిస్తుంది. ఇంకేం కావాలి అనుకున్నాం.

మూడో రోజో నాలుగో రోజో, సాయంత్రం వార్డులో కాస్త తీరిక దొరికి ఫోన్ తీసి చూశాను. పదకొండు సరుకులు, పదకొండుకీ టిక్కులు. ఎంత బుద్ధిమంతులో అని మురిసిపోయాను. దారిలో కొట్టు ముందునుంచే వచ్చాను, ఆగలేదు. ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిస్తే పాలు లేవు. సబ్బు లేదు, చక్కెర లేదు. ఆ పదకొండింటిలో ఒక్కటంటే ఒక్కటి లేదు. మా ఆయన దిద్దుతున్న ఆన్సర్ షీట్ల మీంచి తలెత్తి, ‘రేపు తెస్తాను. నువ్వు రాసినవన్నీ చూశాను కదా, అందుకే టిక్కులు పెట్టాను’ అన్నారు.

కోపం వచ్చింది. కానీ ఆయన చేతిలో ఎర్ర పెన్ను చూశాక సంగతి అర్థమైంది. ఇరవై ఏళ్లుగా ఆ చెయ్యి టిక్కు పెడుతోంది. అక్కడ టిక్కు అంటే ‘చూశాను, సరిగ్గానే ఉంది’ అని. నేను రాసిన చీటీకి ఆయన పదకొండుకి పదకొండు మార్కులు వేశారన్నమాట.

నా ఉద్యోగంలో ఆ గుర్తుకు అర్థం వేరు. రోగి నోట్లో మాత్ర పడి, గొంతు దిగాకే మందుల చార్టులో నేను సంతకం పెట్టాలి. ముందు సంతకం పెట్టేసి తర్వాత ఇద్దామనుకున్నామో, ఈలోగా ఇంకో మంచం దగ్గర కేక వినిపిస్తుంది, మాత్ర ట్రేలోనే ఉండిపోతుంది. తర్వాతి షిఫ్టు మనిషి సంతకం చూసి, ఇచ్చేశారనుకుని ముందుకు పోతుంది. అలాగని ఇచ్చి సంతకం మరిచిపోతే అంతకన్నా ప్రమాదం, ఆ మందే మళ్లీ పడుతుంది. ఇవ్వకపోతే ఆ గడిని ఖాళీగా వదలం, ఎందుకు ఇవ్వలేదో రాస్తాం. చార్టు ఎదురుగా ఉన్నంత మాత్రాన పని అయిపోదు, షిఫ్టు మారేటప్పుడు మంచం మంచం దగ్గరా నిలబడి ఒకరికొకరు చెప్పుకుంటాం. దాన్నే హ్యాండోవర్ అంటాం.

కొంపలు మునిగే పని కాకపోయినా, సరుకుల చీటీ కూడా ఇద్దరు మనుషులు ఒకరి వెనక ఒకరు ఎక్కే డ్యూటీయే. టిక్కుకు అర్థం ఏమిటో యాప్ చెప్పదు, మనమే అనుకోవాలి. మా ఇంట్లో దాని మీద నిజంగానే వాదన జరిగింది. డబ్బు కట్టాక పెట్టాలని ఆయన, బుట్టలో వేసిన క్షణానే పెట్టాలని నేను. రెండోవాళ్లు అదే సమయానికి ఇంకో కొట్లో ఉండొచ్చు కదా. చివరికి బుట్ట దగ్గరే తెగింది. దొరకని సరుకు పక్కన ‘లేదు’ అని రాయాలి, టిక్కు పెట్టకూడదు, తీసెయ్యనూ కూడదు.

అయినా ఒకసారి ఉప్పు రెండు ప్యాకెట్లు వచ్చింది. ఆయన వెళ్లిన కొట్టు నేలమాళిగలో ఉంది, అక్కడ సిగ్నల్ అందదు. టిక్కు ఆయన ఫోన్‌లో పడింది గానీ నా దాకా రాలేదు. ఇలాంటి యాప్‌లు నెట్ లేనప్పుడు మన మార్పును మన ఫోన్‌లోనే దాచి ఉంచుతాయి, సిగ్నల్ తగిలాక పంపుతాయి. ఆయన మెట్లెక్కి పైకి వచ్చేసరికి నేను ఇంకో కొట్లో ఉప్పుకు డబ్బు కట్టేశాను. ఉప్పు కనుక సరిపోయింది, పాలైతే విరిగేవి. ఇప్పుడు కొట్లోకి దిగేముందు ‘వెళ్తున్నా’ అని ఒక్క మాట పంపుతారు. మా హ్యాండోవర్ అదే.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఇంకో చిక్కుంది. నేను ‘ఉప్పు’ అని తెలుగు అక్షరాల్లో రాస్తాను. ఆయన అదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. మా చిన్నది సాల్ట్ అంటుంది. ఇంట్లో కావలసింది ఒకటే, చీటీలో మూడు. సరుకులను వాటంతటవే వరసల్లోకి సర్దే వసతి ఇప్పుడు కొన్నిటిలో ఉంది. ఐఫోన్‌తోనే వచ్చే రిమైండర్స్ యాప్‌లో, 2023 నాటి ఐఓఎస్ 17 అనే ఫోన్ సాఫ్ట్‌వేర్ నుంచి కిరాణా జాబితా అని వేరే రకమే వచ్చింది. మేం వాడేది అది కాదు, మా దాంట్లోనూ ఆ సర్దుడు ఉంది. తెలుగులో రాసినవన్నీ తీసుకెళ్లి ‘ఇతరములు’ కింద పడేస్తుంది. సబ్బు, పాలు, దోమల మందు, ఉల్లిపాయలు ఒకే కుప్ప. ఇవి తయారుచేసే వాళ్లలో మన వాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్ల ఇళ్లలో చీటీ ఏ భాషలో రాసుకుంటారో తెలుసుకోవాలని ఉంది. ప్రస్తుతానికి ముగ్గురమూ తెలుగు అక్షరాల్లోనే రాయాలని ఒప్పందం. ఆయన మైకు నొక్కి పలుకుతారు, టైపింగ్ బాధ తప్పింది.

ఒట్టి ‘సబ్బు’ అని రాస్తే ఆయన తెచ్చేది వేరు, నా మనసులో ఉండేది వేరు. అందుకని ఖాళీ పెట్టె పారేసేముందు ఫొటో తీసి జత చేస్తున్నాను. ఈ ఒక్క పనితో కొట్లోంచి వచ్చే ఫోన్లు సగానికి సగం తగ్గాయి.

మీ వ్యాసంలో ఏ యాప్ మంచిదన్న దానికే సగం పేజీ పోయింది. దానికి అంత అక్కర్లేదనిపించింది. ఇద్దరి ఫోన్లలోనూ పనిచేసేదైతే చాలు. రిమైండర్స్‌లో జాబితా పంచుకోవాలంటే ఇద్దరికీ యాపిల్ వాళ్ల ఐక్లౌడ్ ఖాతా కావాలి. గూగుల్ వాళ్ల నోట్సు యాప్ కీప్ అయితే ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది, అవతలివాళ్ల మెయిల్ చిరునామా చేర్చుకుంటే సరి. ఏళ్ల నాటి జాబితాలు దాచుకొమ్మన్న మీ సలహా మాత్రం నాకు నచ్చలేదు. చాలామంది ఇష్టపడ్డ వండర్‌లిస్ట్ అనే జాబితాల యాప్‌ను 2015లో మైక్రోసాఫ్ట్ కొన్నది, 2020 మే 6న అది మూతపడింది. చీటీ అన్నది వారానికి చిరిగిపోవలసిన వస్తువు.

ఇక ‘యాప్ వల్ల ఇంటిపని సమానంగా పంచుకున్నట్టవుతుంది’ అన్న వాక్యం. మా దాంట్లో ఏ సరుకు ఎవరు రాశారో పేరు పడుతుంది. ఒక ఆదివారం ఊరికే లెక్కపెట్టాను. నలభై చిల్లర వరసల్లో ఆయన రాసినవి మూడు: బ్లేడు, బ్యాటరీలు, ఎర్ర పెన్నులు. తేవడం సమానమే, కాదనను. డబ్బా అడుగు చూసి నిండుకుందని గమనించే పని మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. లెక్కల మాస్టారు కనుక అంకెలు చూపిస్తే ఒప్పుకున్నారు. ఆఖరి చెంచా ఎవరు తీస్తే వాళ్లే రాయాలని ఇప్పుడు కొత్త నియమం. నిన్న చీటీలో మొదటిసారి ‘పసుపు’ అని ఆయన పేరుతో కనిపించింది. ఇంట్లో పసుపు నిండుగా ఉంది, ఆయన చూసింది వేరే డబ్బా. పోనీలే అని నేనే కొట్టేశాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక స్టాఫ్ నర్సు

తా.క.: పంపేముందు ఈ ఉత్తరం ఆయనకు చూపించాను. రెండో పేజీ చివర ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి ఇచ్చారు. చూశాననా, ఒప్పుకున్నాననా అన్నది డ్యూటీ నుంచి వచ్చాక అడగాలి.