ఆదివారం జాజ్ కూడిక: ట్రంపెట్ వాళ్ళు తప్పక చూడండి

అందరికీ నమస్కారమండి.

ఈ ఆదివారం సాయంత్రం 5కి పాలకొల్లులో, కాలవగట్టు పక్కన మామూలు షెడ్డులోనే.

ఈసారి బి ఫ్లాట్ శ్రుతిలో 12 బార్ల బ్లూస్ (12 తాళఖండాల చుట్టు మళ్ళీ మళ్ళీ తిరిగే వరస) ఒక్కటే. ఒకే శ్రుతికి ఒక్కో వాయిద్యం కాగితం మీద పేరు వేరు కదా: కీబోర్డుకి బి ఫ్లాట్ అంటే ట్రంపెట్, క్లారినెట్ వాళ్ళకి సి, ఆల్టో శాక్సఫోన్‌కి జి. పోయినసారి నేను కీబోర్డు కాగితం చూసి ఊదేస్తే గట్టు మీద గేదెలు కూడా తలెత్తి చూశాయి!

తలా రెండు చుట్లు సోలో. ఒకరు ఊదుతుంటే మిగతావాళ్ళు సన్నాయికి డోలు అందుకున్నట్టు వెనక చిన్న జవాబివ్వండి. ఇంట్లో ఒక్కళ్ళం ఎంత సాధన చేసినా ఈ మజా రాదు. మొన్న నా స్వరం జారితే డ్రమ్స్ అబ్బాయి అక్కడే దెబ్బేసి, మళ్ళీ మళ్ళీ వేసి, నాచేత అదే మూడుసార్లు ఊదించాడు. తప్పు కాస్తా వరస అయి కూర్చుంది!

సెకండ్ పార్టు (ముఖ్య వరసకి తోడుగా ఊదేది) వచ్చిందని ఎవరూ అలగొద్దు. 1922లో షికాగో వెళ్ళిన జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా తన గురువు కింగ్ ఆలివర్ పక్కన రెండో కార్నెట్టే (ట్రంపెట్ లాంటి బూర) ఊదాడు.

వాల్వ్ ఆయిల్, మ్యూట్ (మోత తగ్గించే మూత), ఒక పాత గుడ్డ తెచ్చుకోండి. ట్రంపెట్ నీళ్ళు చాప మీద వదలొద్దు బాబూ.

పెళ్ళి బుకింగులున్నవాళ్ళు శనివారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి, పునుగుల లెక్క తేలాలి. 8కల్లా ఆపేద్దాం, పక్కింట్లో పిల్లలకి పరీక్షలు.