మన తెలుగు సంఘం వార్షిక నివేదిక: ఊటగుండం సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, పిల్లల తెలుగు తరగతులు, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. వనభోజనాలకు మాత్రం జనం పలచబడ్డారు. ఆ రోజే గుణుపురంలో పెళ్ళిళ్ళు. జమాఖర్చుల కాగితం మీ చేతిలోనే ఉంది. నేను చెప్పాల్సింది కొండ కింది ఊటగుండం గురించి.

కిందటేడు దోమలు ఎక్కువయ్యాయని గుండంలో గంబూసియా చేపలు వదిలాం, ఫొటోలు కూడా దిగాం. తప్పు మనదే. దోమ లార్వాను తినే చేప అక్కడ ముందే ఉంది. వేలెడంత పంచాక్స్. నీటి పైపైనే తిరుగుతుంది, నడినెత్తిన వెండిచుక్క మెరుస్తుంది. పిల్లలు చుక్కచేప అంటారు. గంబూసియా అమెరికా చేప, 1928లో మన దేశానికి తెచ్చారు. చుక్కచేప నాచుకు గుడ్లు అంటిస్తుంది. ఇదేమో ఏకంగా పిల్లల్నే కంటుంది, పక్క చేపల గుడ్లనూ పిల్లల్నీ తినేస్తుంది.

చుక్కచేపలు కనబడ్డంలేదని ముందు గమనించింది మనం కాదు, ఆ నీళ్ళే మోసుకెళ్ళే సవర పల్లె ఆడవాళ్ళు.

తర్వాత చదివితే తెలిసింది, అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో బారెన్స్ టాప్‌మిన్నో అనే ఊటచేపదీ ఇదే కథ. తొట్లలో పెంచి 2001 నుంచి ఊటల్లో వదులుతూ వచ్చారు. గంబూసియా ఉన్నచోట అది నిలదొక్కుకోలేదు. 2019లో అమెరికా కేంద్ర ప్రభుత్వం దాన్ని అంతరించిపోయే ముప్పున్న జాతుల్లో చేర్చింది. అది చదివిన రాత్రి నాకు ఒకటే టెన్షన్.

మే నెలలో నీరు తగ్గాక మూడు ఆదివారాలు గుండంలో దిగాం. బ్లీచింగ్ చల్లేద్దామన్నారు కొందరు. తాగే నీళ్ళు కదా, పైగా చుక్కచేపా చస్తుంది. దోమతెర గుడ్డతో పట్టి, బకెట్లలో ఒక్కొక్కటీ చూసి వేరు చేశాం. నెత్తిన చుక్కుంటే మనది. ఆడ గంబూసియాకైతే పొట్టపక్కన నల్లమచ్చ. కుర్రాళ్ళకు అరగంటలో చెయ్యి తిరిగింది, నా కళ్ళజోడు నిండా నీళ్ళే. పీడ పూర్తిగా వదిలిందని అనను. కడుపుతో ఉన్న ఒక్క ఆడచేప మిగిలినా మళ్ళీ మొదటికే.

గట్లకు సిమెంటు వేసే ప్రతిపాదన కమిటీ పక్కన పెట్టింది. నాచు పోతే గుడ్లకు చోటుండదు. దాతల పేర్ల పలకకు వేరే గోడ చూద్దాం.

దీపావళి తర్వాత మళ్ళీ వల వేస్తాం. బకెట్లు తెండి, ఇంట్లో అక్వేరియం చేపలు మాత్రం తెచ్చి వదలకండి.

కార్యదర్శి